కీమో అయ్యాక రోగిని పట్టించుకునేదెవరు?

కీమో పూర్తయిన క్యాన్సర్ రోగులను మన నల్లగొండ జిల్లాలో మళ్లీ ఎవరూ పలకరించకపోవడంతో, తిరగబెట్టిన జబ్బు ముదిరాక గానీ బయటపడటం లేదు. దేవరకొండ దగ్గర మా చిన్నమ్మ రొమ్ము క్యాన్సర్‌కు హైదరాబాద్‌లో చికిత్స చేయించుకుంది. గడ్డ కరిగిందనగానే ఫైలు బీరువాలో పెట్టి పత్తి చేనుకు పోయింది. మళ్లీ రావచ్చని అర్థమయ్యేలా చెప్పినవారు లేరు. కీమో మందులు ముఖ్యంగా వేగంగా విభజన చెందే కణాలను చంపుతాయి. కానీ కణితిని మళ్లీ పెంచగల కొన్ని మూలకణాలు విభజన ఆపి నిద్రలో ఉన్నట్టు ఉండిపోతాయి. లోపలికొచ్చిన మందును పంపుల్లాంటి ప్రొటీన్లతో బయటికి తోసేస్తాయి, దెబ్బతిన్న డీఎన్‌ఏను బాగుచేసుకుంటాయి. ఇలాంటి కణాలను 1994లో టొరంటో పరిశోధకులు రక్త క్యాన్సర్‌లో, 2003లో మిషిగన్ పరిశోధకులు రొమ్ము క్యాన్సర్‌లో చూపించారు. మా రైతులకైతే తుంగ సంగతి చెబితే చాలు: పైన ఎంత పీకినా గడ్డ మట్టిలో ఉంటే వాన పడగానే లేస్తుంది. అలా చెబితే ‘మందు పనిచేయలేదు, డాక్టర్ మోసం చేశాడు’ అనే మాటలూ కొంత తగ్గుతాయి. రానుపోను బస్సు ఛార్జీలు, ఒక రోజు కూలీ పోగొట్టుకుని పరీక్ష కోసం రాజధానికి వెళ్లేవారు తక్కువే. కాబట్టి జిల్లా కేంద్రంలోని ప్రభుత్వ ఆసుపత్రిలో వారానికి ఒక రోజు కీమో పూర్తయినవారికే కేటాయించాలి. ఊరివారీగా జాబితా ఆశా కార్యకర్తలకు ఇచ్చి, పరీక్ష తేదీకి రానివారికి ఫోన్ చేయించాలి. చికిత్స చివరి రోజున ఇచ్చే కాగితంలో తదుపరి తేదీలు, భయపడాల్సిన లక్షణాలు తెలుగులో, పెద్ద అక్షరాల్లో ఉండాలి.

– ఒక పాఠకుడు, దేవరకొండ, నల్లగొండ జిల్లా