డయాలసిస్‌ని గంటల్లో లెక్కపెట్టండి: వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా మెట్ట మండలాల్లో కిడ్నీలు చెడిపోయి, మిషన్‌తో రక్తం శుద్ధి చేయించుకుంటూ, అంటే డయాలసిస్ మీద బతుకుతున్న వాళ్ల కుటుంబాలం. యూనిట్లలో పనిచేసి మానేసిన కొందరు టెక్నీషియన్లు కూడా మాతో కూర్చుని ఈ ఉత్తరం రాయించారు. ఆసుపత్రి పేరు రాయడం లేదు. రాస్తే ఆ రోజు డ్యూటీలో ఉన్న స్టాఫ్ నర్సుకి ఒక మెమో వస్తుంది, ఫైలు అక్కడితో మూతపడుతుంది. మేం చెప్పేవి నర్సు చేతిలో ఉన్న పనులు కావు.

మేలు జరిగిన సంగతి ముందు ఒప్పుకోవాలి. ఉదయగిరి నుంచి నెల్లూరు సుమారు వంద కిలోమీటర్లు, సీతారామపురం వాళ్లకి ఇంకా ఎక్కువ. వారానికి మూడుసార్లు అంత దూరం పోయి రావడమంటే ఇంట్లో ఇంకొకరు కూలి మానుకోవడమే. దగ్గర్లో యూనిట్ వచ్చాక ఆ బాధ కొంత తగ్గింది. డయాలసిస్ ఉచితం, నెలకు 10,000 రూపాయల పింఛన్ వస్తోంది. ఈ రెండూ లేకపోతే ఉన్న కుంట పొలం ఎప్పుడో పోయుండేది.

మా గొడవంతా లెక్క దగ్గరే. ఒక రోగిని ఒకసారి మిషన్ ఎక్కిస్తే ఒక సిట్టింగు. ఈ నెల ఇన్ని సిట్టింగులు చేశాం అని పైకి రిపోర్టు పోతుంది. నిర్వహించే ఏజెన్సీకి డబ్బు కూడా సిట్టింగుకింత అనే లెక్కనే. నాలుగు గంటలు నడిపినా, మూడు గంటలకి దించేసినా కాగితం మీద అది ఒకటే సిట్టింగు. దాంతో పొద్దున కరెంటు పోయి మొదటి షిఫ్టు ఆలస్యమైతే, ఆ ఆలస్యాన్ని రెండో షిఫ్టు వాళ్ల గంటల్లోంచి కోస్తారు. మిగిలింది మూడో షిఫ్టు వాళ్ల గంటల్లోంచి పోతుంది.

గంట తగ్గితే ఏమవుతుందో ఒక ఉదాహరణ చూడండి. ఒంట్లో అదనపు నీరు లేనప్పుడు రోగి బరువు, అంటే డ్రై వెయిట్, 52 కిలోలు అనుకుందాం. మనిషి 54.8తో వచ్చాడు. తీయాల్సిన నీరు 2.8 లీటర్లు. చివర్లో పైపుల్లోని రక్తం ఒంట్లోకి తిప్పి పంపడానికి వాడే సెలైన్ ఇంకో 200 మిల్లీలీటర్లు, మొత్తం మూడు లీటర్లు. నాలుగు గంటల్లో తీస్తే గంటకు 750 మిల్లీలీటర్లు, కిలో బరువుకు 14 పైచిలుకు. కిలోకి గంటకు 13 మిల్లీలీటర్లు దాటకుండా ఉంటే గుండెకు మంచిదని కిడ్నీ డాక్టర్లు చెబుతారు, అంటే నాలుగు గంటలకే హద్దు దాటింది. అదే మూడు గంటల్లో లాగితే గంటకు లీటరు, కిలోకి 19. బీపీ పడిపోతుంది, పిక్కలు పట్టేస్తాయి, వాంతి వస్తుంది. అప్పుడు నీరు తీయడం ఆపి సెలైన్ ఎక్కిస్తారు. తీసిందాంట్లో కొంత తిరిగి ఒంట్లోకే పోయిందన్నమాట. మంచం మీద బాగానే ఉన్న మనిషి బస్టాండులో కూలబడ్డాడంటే చాలాసార్లు కారణం ఇదే. ఇంటికెళ్లి ఉప్పు, నీళ్లు ఎక్కువ తీసుకున్నాడని తిట్టేది మాత్రం రోగినే. తీసుకునే వాళ్లూ ఉన్నారు, కాదనం. కానీ బరువు మిషను గచ్చు ఎగుడుదిగుడుగా ఉన్నచోట పెట్టి, నిలబడే చోటు మారితే అర కిలో తేడా చూపిస్తుంటే ఆ తప్పు ఎవరిది?

ప్రతి రోగికీ ఒక పుస్తకం ఉంటుంది. అందులో ఎక్కించిన టైము, దించిన టైము, ముందు వెనక బరువు, బీపీ రాయాలి. తెప్పించుకుని నాలుగు పేజీలు తిప్పండి. ఎక్కించిన టైము 6:10, దించిన టైము 10:10 అని ఒకే పెన్నుతో ఒకే ఊపులో రాసి ఉంటాయి. నాలుగు గంటలకు నిమిషం అటూ ఇటూ లేకుండా రోజూ దిగే రోగి ఎక్కడా ఉండడు. చేత్తో రాసే ఆ అంకె మాకొద్దు. ఎంతసేపు నడిచింది, ఎంత నీరు తీసింది మిషనే చూపిస్తుంది. దించే ముందు ఆ స్క్రీను ఫొటో తీసి రోగి ఐడీకి జతచేయమనండి, దాన్ని చూశాకే బిల్లు పాస్ చేయమనండి. దీనికి కొత్త మిషన్లూ అక్కర్లేదు, కొత్త ఉద్యోగాలూ అక్కర్లేదు.

ఇక నీళ్లు. మా మెట్టలో డయాలసిస్ కష్టాల్లో సగం నీళ్ల నుంచే పుడతాయి, తనిఖీకి వచ్చే అధికారులు మాత్రం మిషన్లు చూసి వెళ్లిపోతారు. నిమిషానికి 500 మిల్లీలీటర్ల చొప్పున నాలుగు గంటలకు 120 లీటర్ల ద్రావణం రోగి రక్తాన్ని పల్చటి పొర అవతల నుంచి తాకుతూ పోతుంది. మిషన్ కడగడానికి వాడేదీ కలిపితే సిట్టింగుకి 150 లీటర్ల ఆర్వో నీళ్లు వేసుకోండి. ఐదు మిషన్లు, మూడు షిఫ్టులంటే రోజుకు 2,250 లీటర్లు. చౌడు నీళ్లలో ఆర్వో ప్లాంటు సగం నీటిని బయటికి వదిలేస్తుంది, కాబట్టి బోరు నుంచో ట్యాంకరు నుంచో రోజుకు 4,500 లీటర్లు రావాలి. వేసవిలో మా దగ్గర బోరు అంత ఇవ్వదు. ట్యాంకరు ఆలస్యమైన రోజున గంటలు కోసేస్తారు.

ఆ నీళ్లు ఇసుక ఫిల్టరు, కార్బన్ ఫిల్టరు, సాఫ్ట్‌నర్ దాటి ఆర్వో మెంబ్రేన్‌కి చేరతాయి. సాఫ్ట్‌నర్‌లో నీటి కాఠిన్యాన్ని పట్టే రెసిన్‌ని ఉప్పు నీళ్లతో ఎప్పటికప్పుడు కడగాలి. ఉప్పు బస్తా కావాలని పెట్టే ఇండెంటు ఆగిపోయిందంటే కాఠిన్యం నేరుగా మెంబ్రేన్ మీద పొరకట్టి నీటి ధార సన్నబడిపోతుంది. వేల రూపాయల మెంబ్రేన్ వందల రూపాయల ఉప్పు లేక పాడవుతుంది. కార్బన్ ఫిల్టరు సంగతి ఇంకా తీవ్రం. ట్యాంకరు నీళ్లలో బ్లీచింగ్ వేస్తారు. ఆ క్లోరిన్‌ని పట్టేది కార్బనే, మెంబ్రేన్ దాన్ని సరిగా ఆపలేదు, పైగా తనే దెబ్బతింటుంది. కార్బన్ అయిపోతే క్లోరిన్ రక్తంలోకి వెళ్లి ఎర్రకణాలు పగులుతాయి. డయాలసిస్ నీళ్లలో మొత్తం క్లోరిన్ లీటరుకు 0.1 మిల్లీగ్రాము మించకూడదు. షిఫ్టు మొదలుపెట్టే ముందు క్లోరిన్ చూపే స్ట్రిప్ ఒకటి ముంచి చూస్తే తెలిసిపోతుంది. మా యూనిట్లో చూసేది నీళ్లలో కరిగిన లవణాలు చూపే టీడీఎస్ మీటరు ఒక్కటే. అది క్లోరిన్ చూపించదు, బ్యాక్టీరియా అంతకన్నా చూపించదు.

ఫ్లోరైడ్ గురించి ఉదయగిరి, వరికుంటపాడు వాళ్లకి ఒకరు చెప్పక్కర్లేదు. తాగే నీళ్లలో లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు మంచిది, వేరే నీళ్లు లేకపోతే 1.5 వరకు. డయాలసిస్ నీళ్లకి హద్దు 0.2 మాత్రమే. బోరులో 3 ఉందనుకోండి. 95 శాతం ఆపే మెంబ్రేన్ 0.15 వదులుతుంది, సరిపోయింది. అదే మెంబ్రేన్ పాతబడి 85 శాతానికి పడితే 0.45 వదులుతుంది, హద్దుకు రెట్టింపు పైనే. నీళ్ల శాంపిలు ల్యాబుకి వెళ్లిన తేదీ, వచ్చిన అంకెలు యూనిట్ తలుపు మీద అంటించమని అడుగుతున్నాం. అంటించి ఉంటే చదువుకునే వాళ్లు మాలో ఉన్నారు.

ఒక గుర్తు కూడా చెబుతాం, తనిఖీకి వచ్చేవారికి పనికొస్తుంది. మిషన్ మీదున్న ఒక్కరికే చలి, వణుకు వస్తే డయాలసిస్ కోసం మెడ నరంలో వేసిన పైపులో ఇన్ఫెక్షన్ వెతకాలి. ఒకే షిఫ్టులో ముగ్గురు నలుగురికి వణుకు వస్తే నీళ్లను అనుమానించాలి. మా దగ్గర ఎంతమందికి వచ్చినా మందు ఒకటే: దుప్పటి కప్పి ఒక ఇంజెక్షన్ చేయడం. షిఫ్టులో ఎవరెవరికి వణుకొచ్చిందో ఒకచోట రాసే రిజిస్టరే లేదు.

కరెంటు గురించి ఒక్క మాట. జనరేటరు ఉంది, మిషన్లకి లైను ఉంది. ఆర్వో పంపుకి మాత్రం జనరేటరు లైను ఇవ్వలేదు. కరెంటు పోతే మిషన్ వెలుగుతూనే ఉంటుంది, పైపుల్లో రక్తం తిరుగుతూనే ఉంటుంది, నీళ్లు రావు కనుక శుభ్రపడదు. ఎలక్ట్రీషియన్‌కి ఒక పూట పని.

ఫిస్టులా విషయంలో ఇల్లూ ఆసుపత్రీ రెండూ నష్టపోతున్నాయి. డయాలసిస్ సూదులు గుచ్చడానికి వీలుగా చేతిలో ధమనిని సిరకి కలిపే చిన్న ఆపరేషన్ అది. మామూలుగా చేతికి మాత్రమే మత్తిచ్చి చేస్తారు, సూది గుచ్చడానికి తయారవ్వాలంటే ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. అందుకే డయాలసిస్ మొదలవ్వకముందే చేయించాలి. మా దగ్గర కిడ్నీలు పాడైనట్టు చూపే క్రియాటినిన్ రక్తంలో పెరిగి ఆయాసంతో పడిపోయాక మెడ పైపు వేసి మొదలుపెడతారు. ఒకటి రెండు వారాలకని వేసిన తాత్కాలిక పైపు నెలల తరబడి ఉండిపోతుంది, ఎందుకంటే ఫిస్టులా చేసే సర్జను నెల్లూరులోనో తిరుపతిలోనో ఉంటారు. నెలకొక రోజు ఆ సర్జనుని ఏరియా ఆసుపత్రి థియేటరుకి పంపించండి. ఇంకోటి, ఫిస్టులా ఉన్న చేతికి బీపీ పట్టీ కట్టకూడదు, రక్తం తీయకూడదు, సెలైన్ పెట్టకూడదు. జ్వరంతో క్యాజువాలిటీకి వెళ్తే మొదట పట్టుకునేది ఆ చెయ్యినే, నరం బాగా కనబడుతుంది కదా అని. ఒక్క రాత్రిలో ఆ ఫిస్టులా మూసుకుపోవచ్చు. క్యాజువాలిటీలో గోడ మీద పెద్ద అక్షరాలతో ఒక బోర్డు పెట్టించండి.

రక్తం పట్టే ఇంజెక్షన్, అదే ఎరిత్రోపోయిటిన్, స్టాకు లేదని చీటీ రాసి బయట తెచ్చుకోమంటారు. అది 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. మే నెల ఎండలో మెడికల్ షాపు నుంచి చొక్కా జేబులో వేసుకుని బస్సులో తెచ్చిన ఇంజెక్షన్ ఏం పనిచేస్తుంది? హిమోగ్లోబిన్ పెరగదు, మోతాదు పెంచుతారు, అయినా పెరగకపోతే రక్తం ఎక్కిస్తారు. పదేపదే రక్తం ఎక్కితే రేపు కిడ్నీ మార్పిడికి సరిపోయే దాత దొరకడం కష్టమవుతుంది. ఒంట్లో ఐరన్ పెంచే మందు ఐరన్ సుక్రోజ్ పక్కన లేకపోతే ఈ ఇంజెక్షన్ సగం వృథా. రెండిటికీ కలిపి ఇండెంటు పెట్టాలి, ఐరన్ మిగిలి ఇంజెక్షన్ అయిపోవడం, ఇంజెక్షన్ ఉండి ఐరన్ లేకపోవడం ఇప్పటి పద్ధతి. హెపటైటిస్ బి టీకా కూడా అంతే. డయాలసిస్ వాళ్లకి మామూలు మోతాదుకు రెట్టింపు, 40 మైక్రోగ్రాములు, 0, 1, 2, 6 నెలల్లో నాలుగుసార్లు వేయాలి. రెండు డోసుల దగ్గర ఆగిపోయిన పుస్తకాలే ఎక్కువ.

శుద్ధి సరిగా జరిగిందో లేదో తెలియాలంటే నెలకోసారి డయాలసిస్‌కి ముందూ వెనకా రక్తంలో యూరియా చూడాలి. ముందు 140 ఉంటే దించేసరికి 49కి రావాలి, అంటే 65 శాతం తగ్గాలి. ఈ అంకె రోగి పుస్తకంలో రాయించండి. రెండు నెలలు వరుసగా 65 దాటలేదంటే గంటలు కోస్తున్నారో, ఫిస్టులా సన్నబడిందో, నీళ్లో, ఏదో ఒకటి బయటపడుతుంది. కిడ్నీ డాక్టరు, అంటే నెఫ్రాలజిస్టు, వచ్చే తేదీ కూడా ముందే చెప్పాలి. ఎప్పుడో ఒళ్లు బాగున్నప్పుడు రాసిన డ్రై వెయిట్‌నే కండ కరిగిపోయిన మనిషికి ఇంకా వాడుతున్నారు.

తోడు వచ్చేవాళ్ల గురించి ఎవరూ అడగరు, మేమే చెబుతాం. 15 ఆగస్టు 2025 నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీలో ఉచితం కాబట్టి భార్య తోడొస్తే ఆమెకు టికెట్ లేదు, మంచం పట్టిన భర్తకు ఉంది! మూడో షిఫ్టు దిగేసరికి పల్లెలకు పోయే ఆఖరి బస్సు వెళ్లిపోతుంది. బీపీ పడిన మనిషిని ఆటోలో కూర్చోబెట్టి రాత్రిపూట కొండాపురమో దుత్తలూరో తీసుకెళ్లాలి. షిఫ్టులు వేసేటప్పుడు ఊరి దూరం చూడమనండి. ఊళ్లో ఉండేవాళ్లకి మూడో షిఫ్టు, దూరం వాళ్లకి మొదటిదీ రెండోదీ. డిపో మేనేజరుతో ఒకసారి మాట్లాడితే సాయంత్రం బస్సు అరగంట అటూ ఇటూ జరుగుతుంది. లోపల ఏసీకి రోగులు వణుకుతుంటారు, బయట తోడొచ్చిన వాళ్లకి ఫ్యానూ లేదు, మరుగుదొడ్డీ లేదు. ఆసుపత్రి అభివృద్ధి సంఘం నిధులతో ఆ వరండాలో నాలుగు బెంచీలు, ఒక ఫ్యాను పెట్టించడం సూపరింటెండెంటు గారి సంతకంతో అయ్యే పని.

ఇవన్నీ ఒకేసారి కావని మాకూ తెలుసు. ఎండలు ముదరకముందు మాత్రం రెండు పనులు జరగాలి: నీళ్ల పరీక్ష, ఆర్వో పంపుకి జనరేటరు లైను. శాంపిలు తీసేటప్పుడు ట్యాంకులోంచి కాకుండా మిషన్‌కి నీళ్లందే చివరి పాయింటు దగ్గర తీయమనండి. ట్యాంకు శుభ్రంగానే ఉంటుంది, బ్యాక్టీరియా పెరిగేది ఆ మధ్యనున్న పైపుల్లో.

ఇట్లు,
ఉదయగిరి, వరికుంటపాడు, దుత్తలూరు, సీతారామపురం, కొండాపురం మండలాల డయాలసిస్ రోగుల కుటుంబ సభ్యులు

ప్రతి: జిల్లా కలెక్టరు గారికి, జిల్లా ఆసుపత్రుల సమన్వయాధికారి గారికి