బొంత అంచులు సరిచేసిన ముగ్గురికీ థాంక్స్

మా అత్తగారి బొంత ఇప్పుడు నేల మీద పరిస్తే నాలుగు వైపులా బుద్ధిగా పడుకుంటోంది. "ఏమైంది, సర్దుకుందా?" అని అడుగుతున్నవాళ్ళందరికీ ముందు ఈ మాట చెప్పేస్తే ఒక పని అయిపోతుంది. సాయం చేసిన ముగ్గురి గురించి నలుగురికీ తెలియాలని ఈ పోస్టు.

సంగతేమిటంటే, అత్తయ్య పాత నూలు చీరల ముక్కలతో బొంత మధ్య భాగమంతా చేత్తో కుట్టుకున్నారు. వేళ్ళ నొప్పులు ఎక్కువయ్యాక, చుట్టూ బార్డరు వేయమని ఒక షాపులో ఇచ్చాం. తిరిగొచ్చాక చూస్తే మధ్యంతా చదునుగా ఉంది, అంచులు మాత్రం చిన్నపిల్లల గౌను ఫ్రిల్లులా లేచి నిలబడ్డాయి. అడిగితే "దూది వేసి కుట్టినప్పుడు అదే సర్దుకుంటుంది మేడమ్" అన్నారు. కొద్దిపాటి వదులైతే ఆ మాట నిజమే. కానీ అల కింద నాలుగు వేళ్ళు దూరుతుంటే, దాని మీద కుట్టు వేస్తే మడత పడుతుంది తప్ప వదులు ఎక్కడికీ పోదు. అత్తయ్య నోరు తెరిచి ఏమీ అనలేదు. అందుకే నాకు ఇంకా టెన్షన్.

మొదటి థాంక్స్ పద్మారావునగర్‌లో మా వీధి చివరి టైలర్ మాస్టర్‌కి. కటింగ్ టేబుల్ మీద బొంత పరిచి ఆయన అడిగిన మొదటి మాట: "నడిమిట్ల కొలిసిన్రా, అంచు పొంటి కొలిసిన్రా?" షాపువాళ్ళు ఏం చేశారో మాకేం తెలుసు! ఆయనే టేపు తీశారు. అంచు వెంబడి 80 అంగుళాలు వచ్చింది. సరిగ్గా మధ్యలో కొలిస్తే 78. రెండు పక్కలా అంచుకి కాస్త లోపలగా కొలిస్తే 78¼, 78½. వాళ్ళు వేసిన బార్డరు పట్టీ చూస్తే 80½ ఉంది. రెండు అంగుళాల పైగా ఎక్కువ గుడ్డ! అది పోవడానికి చోటు లేక పైకి లేస్తోంది.

అంచులు ఎందుకు సాగాయంటే, ముక్కల కొసలన్నీ అక్కడే తేలి ఉంటాయి. పట్టుకున్నా, మడిచినా, ఇస్త్రీ చేసినా లాగుడు పడేది వాటి మీదే. అందుకని సాగిన అంచుని పట్టుకుని బార్డరు కొలవకూడదట. లోపల మూడు చోట్ల కొలిచి, సగటు తీసి, ఆ పొడవుకే పట్టీ కోయాలి. మా లెక్కన 78¼.

ఇంకో లోపం కూడా ఆయనే పట్టుకున్నారు. బార్డరుకి ఇచ్చింది అత్తయ్య మంగళగిరి చీర. షాపువాళ్ళు దాన్ని అడ్డంగా కోసి, ముక్కలు అతికించి పట్టీ చేశారు. నూలు గుడ్డ మామూలుగా పడుగు వైపు, అంటే పొడుగు పోగుల వైపు, తక్కువ సాగుతుంది, పేక వైపు, అంటే అడ్డపోగుల వైపు, కాస్త ఎక్కువ, క్రాస్‌లో, అంటే ఐమూలగా అయితే చెప్పనే అక్కర్లేదు. మిగిలిన చీర నాలుగు గజాల పైనే ఉంది కాబట్టి, ఈసారి పొడుగు వెంబడి కోశారు. చీర కొంగు వైపు నుంచి ఒక్క పోగు పట్టుకుని నెమ్మదిగా లాగుతుంటే గుడ్డలో సన్నటి గీత పడుతుంది. ఆ గీత మీదే కత్తెర నడిపారు. చాక్ ముక్క ముట్టలేదు.

రెండో థాంక్స్ కింది ఫ్లోర్ ఆంటీకి. పాత బార్డరు విప్పదీసింది ఆవిడే. నేను బ్లేడు తీస్తే చేతిలోంచి లాక్కున్నారు. ఒక వైపు నుంచి మూడు నాలుగు కుట్లకొకటి చొప్పున సన్న కత్తెరతో తెంపి, బొంత తిప్పి, రెండో వైపు దారం పట్టుకుంటే పొడుగ్గా దానంతటదే ఊడొచ్చింది. గుడ్డని రెండు చేతులా పట్టి చీల్చినట్టు లాగితే అంచు ఇంకా సాగేది. కుట్టింది కూడా ఆవిడ పాత ఉషా మిషను మీదే. బొంతనీ పట్టీనీ విడివిడిగా సగానికి, మళ్ళీ సగానికి మడిచి గుర్తులు పెట్టి, గుర్తుకి గుర్తు కలిపి గుండుసూదులు గుచ్చాం. సూదికీ సూదికీ మధ్య బొంత వైపు కాస్త ఉబ్బుగా మిగిలింది. ఆ వైపుని కిందికి, అంటే సూది కింద గుడ్డని జరిపే మిషను పళ్ళకి తగిలేలా పెట్టమన్నారు ఆంటీ. పళ్ళు కింది గుడ్డని పైదాని కంటే కొంచెం ఎక్కువ లాక్కుంటాయి కాబట్టి ఆ ఉబ్బు ముడత పడకుండా కుట్టులోకి వెళ్ళిపోతుంది. నమ్మకం లేక పక్కనే నిలబడి చూశాను. వెళ్ళిపోయింది!

ముందు రెండు పొడుగు వైపులు. అవి అయ్యాక, కొత్త బార్డర్లతో కలిపి అడ్డంగా మళ్ళీ మూడు చోట్ల కొలత. దాన్ని బట్టే పైపట్టీ, కిందిపట్టీ. చివర్లో మూల నుంచి మూలకి రెండు వైపులా టేపు పెడితే కొలత ఒకటే వచ్చింది, అంటే బొంత వంకర పోలేదన్నమాట.

మూడో థాంక్స్ ఇస్త్రీ బండి అన్నకి. బార్డరు విప్పాక, కొత్తది వేసే ముందు, సాగిన అంచుల మీద నీళ్ళు చల్లి, బొగ్గుల పెట్టె పెట్టి ఎత్తడం, పెట్టి ఎత్తడం, అంతే. ఎక్కడా తోయలేదు. తోస్తే అంచు మళ్ళీ సాగుతుంది. అంత బరువు పెట్టెని బొంత చుట్టూ అలా ఎత్తి దించాలంటే భుజాలు ఏమవుతాయో ఆలోచించండి. "చీరలకిచ్చినంతే ఇయ్యండి అక్కా" అన్నాడు. ఎక్కువే ఇచ్చాను, గొడవ పెట్టుకుని మరీ.

మాస్టర్ మాత్రం పైసా ముట్టలేదు. "కొలిసినందుకు పైసలేందమ్మా" అని టేపు మెడలో వేసుకుని తన పనిలో పడిపోయారు. దసరాకి మా ఇంట్లో బ్లౌజులన్నీ ఆయనకే అని అత్తయ్య అప్పుడే తీర్మానించేశారు, రద్దీ మొదలవకముందే ఇచ్చేయాలట.