దత్తత కాగితం చూశాక కూడా ‘అసలు తల్లి ఎవరు’ అంటే ఏం చెప్పాలి, కలెక్టర్ గారూ?

కర్నూలు జిల్లా కలెక్టర్ గారికి నమస్కారం.

ఆర్నెల్ల కిందట మా ఇంటికి పాప వచ్చింది. మూడున్నరేళ్లు దత్తతలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ ‘కారా’ పోర్టల్‌లో సీనియారిటీ నంబరు చూసుకుంటూ కూర్చున్నాక ఒకరోజు ఫోటో వచ్చింది. ఒప్పుకోవడానికి 48 గంటలు టైమిస్తారు, మాకు 48 నిమిషాలు కూడా పట్టలేదు. ఒడిశాలోని ఒక శిశుగృహం నుంచి తెచ్చుకున్నాం, అప్పటికి ఎనిమిది నెలల పిల్ల.

మొదట్లో పాప ఏడ్చేది కాదు. రాత్రి రెండింటికి నేను లేచి చూస్తే, కళ్లు తెరుచుకుని ఫ్యాను వైపు చూస్తూ, తన వేళ్లు తనే పట్టుకుని పడుకుని ఉండేది. ఎంత బుద్ధిమంతురాలో అని పక్కింటివాళ్లు మెచ్చుకున్నారు గానీ మా అత్తకు మాత్రం భయమేసింది. “ఏడిస్తే ఎవరో ఒకరొస్తారని ఈ బిడ్డకు ఇంకా తెలీదు మే” అంది. లైటార్పితే ఉలిక్కిపడుతుందని మూడు వారాలు ఇంటిల్లిపాదీ ట్యూబులైటు కిందే పడుకున్నాం. ఎత్తుకుంటే కట్టెలా బిగుసుకునేది. అత్త రోజూ కాళ్ల మీద పడుకోబెట్టుకుని నూనె రాసి, నీళ్లు పోసి, సాంబ్రాణి వేసి, ఏవేవో కబుర్లు చెప్తూ ఉండేది. ఇరవై రెండో రాత్రి గుక్కపట్టి ఏడ్చింది చూడండి, పొద్దున్నే అత్త భక్ష్యాలు చేసింది!

ఇక కౌంటర్ల సంగతి. జనన ధ్రువపత్రంలో తల్లిదండ్రులుగా మా పేర్లే ఉన్నాయి, పుట్టిన ఊరు మాత్రం ఒడిశాలోది. ఆధార్‌కు వెళ్తే “కాన్పు అంత దూరమెందుకు పోయినారు, డిశ్చార్జి కాగితం ఏదీ” అని మొదలుపెట్టి, దత్తత అని చెప్పగానే క్యూ మొత్తానికి వినబడేలా “అట్లయితే అసలు తల్లి ఎవరు?” అన్నారు. ఐదేళ్లలోపు పిల్లల వేలిముద్రలు కూడా అక్కర్లేదు, అమ్మదో నాన్నదో వేస్తే చాలు. అంతమాత్రానికి మూడుసార్లు తిరిగాను, ప్రైవేటు కాలేజీలో మూడు రోజుల జీతం పోయింది. అంగన్‌వాడీ టీచరు మంచి మనిషే, కానీ నా గర్భిణీ కార్డు లేకుండా పాప పేరు ఎక్కించే దారేదో ఆమెకూ తెలీలేదు. ఒడియాలో ఉన్న టీకాల కార్డును అటూ ఇటూ తిప్పి చూసి ఇద్దరం నవ్వుకున్నాం.

“ఏ ఆస్పత్రిలోనో మాట్లాడుకుని తెచ్చుకోవాల్సింది, ఇన్ని తిప్పలెందుకు” అన్న చుట్టాలున్నారు. అది మూడేళ్ల వరకు జైలుశిక్ష పడే నేరమని చెప్తే నమ్మరు. కానీ నాకు మండేది ఎక్కడంటే, అలా తెచ్చుకుని దొంగ డిశ్చార్జి కాగితం పుట్టించుకున్నవాళ్లను ఏ కౌంటరూ ఏమీ అడగదు. చట్టం ప్రకారం వరసలో నిలబడి తెచ్చుకున్న మమ్మల్నే అడుగుతుంది.

2022 సెప్టెంబరు నుంచి దత్తత ఉత్తర్వులిచ్చేది కోర్టులు కాదు, కలెక్టర్లే. మా పాప ఉత్తర్వు మీద ఉన్నది మీలాంటి ఇంకో కలెక్టర్ సంతకం. జువెనైల్ జస్టిస్ చట్టం 63వ సెక్షన్ ప్రకారం ఆ ఉత్తర్వు అమల్లోకి వచ్చిన రోజు నుంచి ఆమె అన్ని విధాలా మా బిడ్డే. ఆ సంతకానికి కౌంటర్లో విలువ లేకపోతే ఎట్ల?

మీరు చేయాల్సింది ఒక్క పేజీ సర్క్యులర్. దత్తత ఉత్తర్వు, జనన ధ్రువపత్రం ఉంటే ఆధార్, రేషన్ కార్డు, అంగన్‌వాడీ, టీకా అన్నీ వాటితోనే అయిపోవాలి. డిశ్చార్జి కాగితం, గర్భిణీ కార్డు అడగొద్దు. కన్నతల్లి గురించి అసలే అడగొద్దు. ఆ వివరాలు మాకూ తెలీవు.

రెండేళ్లపాటు ఆర్నెల్లకోసారి ఇంటికొచ్చి చూసే సోషల్ వర్కర్ మొన్న వచ్చారు. పాప నిద్రపోతోందా, ఎవరి దగ్గరికి ఎక్కువ పోతుంది అని అడిగారు. ప్రశ్నలంటే అవీ.

వచ్చే సోమవారం అర్జీ పట్టుకుని కలెక్టరేట్‌కు వస్తాను. ఇంట్లో వదిలితే ఇప్పుడు వీధి చివరికి వినబడేలా ఏడుస్తుంది కాబట్టి పాపనూ తీసుకొస్తాను. కాస్త ఫ్యాను కింద చోటు ఇప్పించండి.

ఇట్లు,
కర్నూలు నుంచి ఒక అమ్మ