ఎలక్ట్రోమాగ్నెటిక్ సెన్సార్ అని చెప్పి స్ట్రెయిన్ గేజ్ కాటా పంపడంపై ఫిర్యాదు

సేల్స్ మేనేజర్ గారికి,

విషయం: 6 కిలోల సామర్థ్యం, 0.01 గ్రాము రీడింగ్ ఉన్న కాటాను మార్చి ఇవ్వడం గురించి.

నమస్కారం.

మీ దగ్గర కొన్న కాటా మా రంగుల మిక్సింగ్ గదికి వచ్చి నాలుగు నెలలైంది. ఈలోపు మీ సర్వీస్ ఇంజినీర్ మూడుసార్లు వచ్చారు. వచ్చిన ప్రతిసారీ క్యాలిబ్రేషన్ చేసి, తూకపురాయి పెట్టి, 5000.00 అని చూపించి వెళ్లారు. ఆయన అటు వెళ్లాక అరగంటకే మళ్లీ మొదటికొస్తోంది.

మా పని ఇలా ఉంటుంది. డబ్బాలో బేస్ (మూల రంగు) పోశాక నురగ అణిగేదాకా అరగంట ఆగుతాం. డబ్బాను కాటా మీంచి కదపం, మధ్యలో టేర్ కొట్టం, అంటే రీడింగ్‌ను సున్నా చేయం. చివర్లో నల్ల పేస్టు వేస్తాం, రెండున్నర గ్రాములే. ఆ అరగంటలో ఎవరూ ముట్టుకోకపోయినా రీడింగ్ మెల్లగా పైకి పాకుతోంది. పాకినంత మేరా నలుపు తక్కువ పడుతోంది. షేడ్ తేడా వచ్చిందని రెండు బ్యాచ్‌లు వెనక్కి వచ్చాయి. కలిపిన కుర్రాడిని నేనే కోప్పడ్డాను. తప్పు అతనిది కాదని ఇప్పుడు తెలిసి చాలా బాధగా ఉంది.

5 కిలోల ఎఫ్1 తరగతి (చాలా కచ్చితమైన రకం) తూకపురాయి పెట్టి నేనే స్వయంగా చూశాను. పెట్టగానే 5000.00. పది నిమిషాలకు 5000.21. అరగంటకు 5000.34. రాయి తీసేస్తే సున్నాకు రాలేదు. 0.19 దగ్గర నిలబడి, తర్వాత ఒక్కో అంకె దిగుతూ వచ్చింది. ఆ తరగతిలో 5 కిలోల రాయికి అనుమతించే తేడా 25 మిల్లీగ్రాములే కాబట్టి రాయిని తప్పుపట్టలేం. ఫ్యాన్ కట్టేశాం, కాటాను రాతి బల్ల మీదికి మార్చాం, గంట ముందే ఆన్ చేసి ఉంచాం. అయినా అంతే. 0.34 గ్రాములంటే మా నలుపులో దాదాపు ఏడో వంతు.

మూడోసారి వచ్చినప్పుడు మీ ఇంజినీర్ పళ్లెం తీసి, కింది కవరు విప్పారు. లోపల అల్యూమినియం దిమ్మె, దాని మీద తెల్లటి జిగురు కింద అతికించిన గేజ్‌లు, వాటి నుంచి సన్నటి వైర్లు కనిపించాయి. కాయిల్ లేదు, అయస్కాంతం లేదు. అంటే అది స్ట్రెయిన్ గేజ్ కాటా. కొనేముందు సెన్సార్ ఏ రకమని మెయిల్‌లో అడిగితే ‘ఎలక్ట్రోమాగ్నెటిక్’ అని మీరే రాసిచ్చారు. ఆ మెయిల్ ప్రతి జతచేస్తున్నాను.

స్ట్రెయిన్ గేజ్ చెడ్డదని నేను అనడం లేదు. డ్రమ్ములు తూచే మా పెద్ద కాటాలో ఉన్నదీ అదే. దుమ్మునీ దెబ్బల్నీ తట్టుకుని ఏళ్ల తరబడి పనిచేస్తోంది. కానీ దాని స్వభావం వేరు. బరువు పడితే లోహం వంగుతుంది, గేజ్ నిరోధకత మారుతుంది. బరువు అలాగే ఉంటే లోహమూ జిగురూ ఇంకా కొద్దికొద్దిగా సాగుతూనే ఉంటాయి. దీన్నే క్రీప్ అంటారు. క్యాలిబ్రేషన్ ఆ క్షణంలో రీడింగ్‌ను సరిచేస్తుంది కానీ ఈ పాకడాన్ని ఆపలేదు. పైగా వోల్టుకు 2 మిల్లీవోల్టులిచ్చే సెల్‌కు (గేజ్‌లు అతికించిన దిమ్మెకు) 10 వోల్టులు ఇస్తే పూర్తి బరువుకు వచ్చేది 20 మిల్లీవోల్టులు. మీరు దాన్ని 6 లక్షల భాగాలు చేసి చూపిస్తున్నారు. ఒక్కో అంకెకు దక్కేది మైక్రోవోల్టులో ముప్పయ్యో వంతు. తెరమీద అంకెలు పెరిగినంత మాత్రాన తూకంలో కచ్చితత్వం పెరగదు కదా.

ఎలక్ట్రోమాగ్నెటిక్ కాటాలో బరువు పడి కిందికి జరిగిన భాగాన్ని, అయస్కాంతం మధ్య ఉన్న కాయిల్‌కు కరెంట్ పెంచి మళ్లీ మొదటి చోటికే తెస్తారు. ఆ కరెంటే తూకం. ఏదీ వంగి ఉండిపోదు కాబట్టి క్రీప్ చాలా తక్కువ. అది సున్నితమైనదనీ, డబ్బాను దబ్బున పెడితే పాడవుతుందనీ తెలిసే అడిగాం. ట్యూనింగ్ ఫోర్క్ సెన్సార్‌ అయినా మాకు సరిపోయేది. అందులో బరువుకు తగ్గట్టు కంపనాల సంఖ్య మారుతుంది, దాన్ని లెక్కిస్తారు. కాటాతో మీరిచ్చిన సర్టిఫికెట్‌లో రాయి పెట్టిన ఎంతసేపటికి రీడింగ్ తీసుకున్నారో లేదు. మా పనికి అన్నిటికన్నా ముఖ్యం అదే.

కాబట్టి రాసిచ్చిన రకం కాటా పంపండి, లేదా పూర్తి డబ్బు తిరిగి ఇవ్వండి. కొత్తది పంపితే అరగంట క్రీప్, రిపీటబిలిటీ (అదే బరువు మళ్లీ మళ్లీ పెడితే అదే రీడింగ్ రావడం), పళ్లెం మూలల్లో పెట్టినప్పుడు వచ్చే తేడా, ఈ మూడింటి రీడింగ్‌లూ కాగితం మీద కావాలి. మా గదిలో మా రాయితో అరగంట పరీక్ష చేశాకే సంతకం పెడతాను. మీ కేటలాగ్‌లో ఈ మోడల్‌కు సెన్సార్ పేరు కూడా సరిచేయండి. మాలాగే అడిగి కొనేవాళ్లు ఇంకా ఉంటారు.

పదిహేను రోజుల్లో లిఖితపూర్వకంగా జవాబు ఇవ్వగలరు. అప్పటిదాకా ఈ కాటాను వాడకుండా పక్కన పెట్టాం.

ఇట్లు,
క్వాలిటీ విభాగం ఇన్‌ఛార్జి

జతచేసినవి: మీ మెయిల్ ప్రతి, అరగంట పరీక్ష రీడింగ్‌లు, విప్పిన కాటా ఫొటోలు, మూడు సర్వీస్ రిపోర్టులు.