క్లీనర్ కాంబో పేరుతో మీరు పంపిన క్యాట్‌ఫిష్‌ల గురించి ఫిర్యాదు

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: 60 లీటర్ల ట్యాంక్‌కు సరిపోని క్యాట్‌ఫిష్‌లను సరిపోతాయని చెప్పి అమ్మడం, వాటిని వెనక్కి తీసుకోవాలని, యాప్‌లోని సమాచారం సరిదిద్దాలని కోరడం.

నమస్కారం.

మీ యాప్‌లో ‘మీ ట్యాంక్‌కు ఏ చేప?’ అనే భాగం ఉంది. ట్యాంక్ కొలతలు, అందులో అప్పటికే ఉన్న చేపలు, నీటి ఉష్ణోగ్రత నింపితే ఏ క్యాట్‌ఫిష్ తీసుకోవాలో అదే చెబుతుంది. నేను అన్నీ నింపాను. రెండడుగుల ట్యాంక్, సుమారు 60 లీటర్ల నీళ్లు, నియాన్ టెట్రాలనే చిన్న చేపల గుంపు, 25 డిగ్రీలు. దానికి వచ్చిన జవాబు ‘క్లీనర్ కాంబో’: ఒక సక్కర్ ఫిష్, రెండు ఇరిడిసెంట్ షార్క్‌లు, ఒక పిక్టస్. పక్కన ఆకుపచ్చ టిక్ పెట్టి ‘మీ ట్యాంక్‌కు పర్ఫెక్ట్’ అని కూడా చూపించింది. ఆ స్క్రీన్‌షాట్, ఆర్డర్ వివరాలు ఈ లేఖతో జతచేశాను.

ఆ నాలుగు చేపల్లో ఒక్కటి కూడా 60 లీటర్ల ట్యాంక్‌లో ఉండాల్సింది కాదు. నా ఫిర్యాదు ఇదే.

ముందు ఇరిడిసెంట్ షార్క్ సంగతి. పేజీలో ‘సైజు: 2 అంగుళాలు’ అని ఉంది, అసలు జాతి ఏమిటో మాత్రం లేదు. పేరుకే షార్క్, అది పంగాసియస్ అనే క్యాట్‌ఫిష్. మీకాంగ్, చావో ఫ్రాయా నదుల చేప. చెరువుల్లో మాంసం కోసం పెద్ద ఎత్తున పెంచేది ఇదే. పూర్తిగా ఎదిగితే మీటరు దాటుతుంది, అంటే నా ట్యాంక్ పొడవు కంటే చేప పొడవే ఎక్కువ! పైగా అది గుంపుగా, దూరాలు ఈదే చేప. చూపు అంతంతమాత్రం, బెదురు మాత్రం విపరీతం. గదిలో లైటు వేస్తే చాలు, రెండూ ఒక్కసారిగా దూసుకెళ్లి అద్దానికి గుద్దుకుంటాయి. గుద్దుకున్నాక కాసేపు అడుగున పక్కకు ఒరిగి కదలకుండా పడి ఉంటాయి. చచ్చిపోయాయేమోనని టెన్షన్ పడేలోపు మళ్లీ లేస్తాయి. ఒకదాని మూతి చివర చర్మం లేచిపోయి తెల్లగా కనిపిస్తోంది. దాని ఫొటో కూడా పంపుతున్నాను.

పిక్టస్ అందమైన చేప, కాదనను. వెండి ఒంటి మీద నల్లచుక్కలు, ఒంటి పొడవుకు దీటుగా మీసాలు. పెద్దయినా అయిదారు అంగుళాలు దాటదు కాబట్టి మీరు ‘చిన్న క్యాట్‌ఫిష్’ అని రాసింది పూర్తిగా అబద్ధమని అనలేను. కానీ చీకటి పడ్డాక అది వేటాడుతుంది. నోట్లో పట్టే చేప ఏదైనా దానికి మేతే, నియాన్ టెట్రాలు సరిగ్గా నోట్లో పట్టే సైజు. రాత్రి లైటు ఆపినప్పుడు ఉన్న టెట్రాలు పొద్దున లెక్కకు రావడం లేదు. ఫిల్టర్ విప్పి చూశాను, మూత చుట్టూ వెతికాను, ఎక్కడా ఒక్కటీ దొరకలేదు. పిక్టస్ పొట్ట మాత్రం గుండ్రంగా ఉంది. ట్యాంక్‌లో నియాన్ టెట్రాలు ఉన్నాయని నేను నింపిన గడి మీ యాప్‌లో ఉంది. ఆ గడిని చదవనప్పుడు నింపమని అడగడం ఎందుకు?

ఇక సక్కర్ ఫిష్. పేజీలో దాని గురించి రాసిన వాక్యం యథాతథంగా ఇది: ‘పాచి, మిగిలిన మేత, చేపల మలం అన్నీ తినేస్తుంది, వేరే మేత అక్కర్లేదు.’ ఇందులో మొదటిది సగం నిజం. పిల్లగా ఉన్నప్పుడు పాచి బాగానే గీకుతుంది, పెద్దదయ్యేకొద్దీ మేత గుళికల మీదే దాని ధ్యాస. ట్యాంక్‌లోని మలాన్ని ఇది తినదు. తినకపోగా, ఈ చేప వేసే మలమే ఎక్కువ. మీరు పంపినది ఇంకా వేలెడంత లేదు, అయినా పొద్దున చూస్తే ఇసుక మీద దారాల్లా పరుచుకుని ఉంటుంది. దాన్ని ట్యూబుతో పీల్చి తీసేది నేనే. అది అడుగు దాటి, ఒక్కోసారి అడుగున్నర దాకా పెరుగుతుందని, పదేళ్లకు పైగా బతుకుతుందని మీ పేజీలో ఒక్క ముక్క లేదు.

‘వేరే మేత అక్కర్లేదు’ అన్న మాట దగ్గర ఇంకాస్త ఆగాలి, ఎందుకంటే మీ క్యాట్‌ఫిష్ పేజీలన్నింటిలోనూ అదే వాక్యం కాపీ చేసి పెట్టారు. కోరిడోరాస్ పేజీలోనూ ఉంది, ఓటోసింక్లస్ పేజీలోనూ ఉంది. కోరిడోరాస్ అసలు పాచి తినే చేప కాదు. అడుగున ఇసుకలో మూతి పెట్టి చిన్న చిన్న పురుగులు వెతుక్కుంటుంది, ఇంట్లో అయితే అడుక్కు దిగే గుళికలు వేయాలి. పైన తేలే మేత టెట్రాల నోళ్లు దాటి కిందికి రావడం కల్ల. ఓటోసింక్లస్ పాచే తింటుంది, నిజమే. కానీ దానికి కావాల్సింది నెలల తరబడి నడిచిన ట్యాంక్‌లో అద్దాల మీద, ఆకుల మీద పట్టే మెత్తని పాచి. కొత్త ట్యాంక్‌లో అదెక్కడిది? పొట్ట లోపలికి పోయి, మీ మాట నమ్మి ఎవరూ ఏమీ వేయక, ఆకలితోనే చస్తుంది. పోయిన చేపను చూసి కొన్నవాళ్లు నీళ్లు బాలేవేమో అనుకుంటారు.

ఇదంతా మీ చాట్‌లో ఏజెంట్‌కు చెప్పాను. ‘చేప ట్యాంక్ సైజును బట్టే పెరుగుతుందండీ’ అన్నారు. ఈ మాట మీ సంస్థ ఒక్కటే చెప్పడం లేదు, ఏళ్లుగా అందరి నోళ్లలో నలుగుతున్నదే. కానీ ఇరుకు ట్యాంక్‌లో చేప ఎదుగుదల ఆగుతుంటే అది సర్దుకుపోవడం కాదు, చెడిన నీటిలో ఆరోగ్యం పాడై గిడసబారడం. చేతిలో ఉన్న పిల్ల కొలత చూసి ట్యాంక్ నిర్ణయించడమంటే, పసివాడి పాదం కొలిచి జీవితాంతానికి చెప్పులు కుట్టినట్టు. మీ యాప్ లెక్క మొత్తం సరిగ్గా ఈ కొలత మీదే నడుస్తోంది: అమ్మే రోజు ఎన్ని అంగుళాలుందో అదే దానికి చేప సైజు.

మరి పెద్దయ్యాక ఏం చేయాలని అడిగితే అదే ఏజెంట్ ‘దగ్గర్లో చెరువు ఉంటే వదిలేయండి’ అన్నారు. ఆ చాట్ కూడా జతచేశాను, మీరే చదవండి. సక్కర్ ఫిష్ పుట్టిల్లు దక్షిణ అమెరికా. ఇలా ఇళ్ల నుంచి, ఫారాల నుంచి బయటపడే ఫ్లోరిడా, మెక్సికో నుంచి ఆసియా నదుల దాకా పాకిపోయింది. ఒంటి నిండా ఎముక పలకలు, గట్టి ముళ్లు ఉండటంతో దాన్ని తినే జీవులు తక్కువ. గుడ్లు పెట్టడానికి గట్లలో బొరియలు తవ్వుతుంది, గట్లు కోసుకుపోతాయి, జాలర్ల వలలు చిరుగుతాయి. చేపలు అమ్మే సంస్థ నోట ఈ సలహా రావడం నాకు అన్నిటికంటే ఎక్కువ కోపం తెప్పించింది.

ప్యాకింగ్ గురించి క్లుప్తంగా. నాలుగు చేపలనూ ఒకే పలచని కవర్‌లో వేశారు. క్యాట్‌ఫిష్ బెదిరితే వీపు మీది ముల్లు, పక్క రెక్కల ముళ్లు నిటారుగా లేపి బిగిస్తుంది, పిక్టస్ ముళ్లకైతే రంపపు పళ్లలాంటి అంచు కూడా ఉంటుంది. కవర్ చిల్లు పడి, పెట్టె తెరిచేసరికి సగం నీళ్లే మిగిలాయి. రెండు కవర్లు ఒకదానిలో ఒకటి పెట్టడం, లేదా గట్టి డబ్బాలో పంపడం ఈ వ్యాపారంలో ఉన్నవాళ్లకు కొత్తగా చెప్పాల్సిన విషయం కాదు.

నేనిచ్చిన వివరాలకు మీ యాప్ ఏం చెప్పి ఉండాల్సిందో కూడా రాస్తున్నాను, ఎందుకంటే అవన్నీ మీ స్టాక్‌లోనే ఉన్నాయి. అడుగున మెత్తని ఇసుక ఉంది కాబట్టి ఆరు చిన్న కోరిడోరాస్ హాయిగా సరిపోయేవి. పిగ్మీ రకం అయితే పెద్దదైనా అంగుళమే. అది గుంపులో ఉంటేనే ధైర్యంగా తిరుగుతుంది కాబట్టి ఒకటీ రెండూ అమ్మకూడదు. మీ పేజీలో ఫొటో కోసం దాన్ని పదునైన రంగురాళ్ల మీద పెట్టారు. అలాంటి రాళ్ల మీద దాని మీసాలు అరిగి, పుండ్లు పడతాయి. మధ్యమధ్యలో పైకి వచ్చి గాలి మింగి వెళ్తుందని, పేగుతో కూడా ఊపిరి తీసుకుంటుందని, అది దాని సహజ అలవాటని ఒక వాక్యం రాస్తే కొన్నవాళ్లు కంగారుపడి మీకు ఫోన్ చేయరు. పాచి తినేదే కావాలంటే, ఇంకాస్త పెద్ద ట్యాంక్ ఉన్నవాళ్లకు బ్రిసిల్‌నోస్ అనే చిన్న సక్కర్ రకాన్ని చూపించవచ్చు. అయిదారు అంగుళాల దగ్గర ఆగుతుంది, ఒక డ్రిఫ్ట్‌వుడ్ (ట్యాంక్‌లో వేసే చెక్క) ముక్క, అప్పుడప్పుడు ఉడికించిన కూరగాయ ముక్క ఉంటే దానికి చాలు. మగదాని మూతి మీద మొలిచే కొమ్మల్లాంటి మీసాలు చూడటానికి వింతగా ఉంటాయి, అవి నచ్చక వద్దనేవాళ్లూ ఉంటారు.

నేను కోరేది ఇది. నాలుగు చేపలనూ మీ ఖర్చుతో వెనక్కి తీసుకుని, వాటి సొమ్ము, పోయిన టెట్రాల సొమ్ము తిరిగి ఇవ్వాలి. ‘ప్రాణం ఉన్న సరుకు రిటర్న్ కాదు’ అన్న నిబంధన నేను చదివాను. అది కొన్నవాళ్లు మనసు మార్చుకున్నప్పుడు వర్తించేది, మీ సిఫార్సు తప్పైనప్పుడు కాదు. యాప్ లెక్కలో అమ్మే సైజు తీసేసి పూర్తిగా పెరిగినప్పటి సైజు పెట్టాలి, ప్రతి క్యాట్‌ఫిష్ పేజీలో శాస్త్రీయ నామం, కనీసం ఎన్ని కలిపి పెంచాలో రాయాలి. ‘వేరే మేత అక్కర్లేదు’ అన్న వాక్యం మాత్రం ఈ లేఖ చదివిన రోజే తీసేయండి, దానికి మీటింగులు అక్కర్లేదు. చెరువులో వదలమని ఇకపై ఎవరికీ చెప్పొద్దని మీ ఏజెంట్లకు రాతపూర్వకంగా తెలియజేసి, ఆ కాపీ నాకు పంపాలి.

15 రోజుల్లో జవాబు రాకపోతే ఇవే కాగితాలతో వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను.

పిక్టస్‌ను ప్రస్తుతానికి విడిగా ఒక టబ్బులో ఉంచాను. చేపలను తీసుకెళ్లడానికి మనిషిని ఎప్పుడు పంపుతారో ఒకరోజు ముందు చెబితే ఆ రోజు మేత ఆపుతాను, దారిలో నీళ్లు పాడవకుండా ఉంటాయి. వచ్చే మనిషిని వల తేవద్దనండి, ముళ్లు చిక్కుకుంటే విడదీయడం కష్టం. మూత ఉన్న డబ్బాలు తెమ్మనండి, షార్క్‌లకు వేరే, సక్కర్‌కు వేరే, పిక్టస్‌కు వేరే.

ఇట్లు,
మీ వినియోగదారు

జతచేసినవి: ఆర్డర్ వివరాలు, యాప్ స్క్రీన్‌షాట్, చాట్ కాపీ, ఫొటోలు