పచ్చ సుడి ఎందుకు చీలుతుంది

నెల్లూరు

అమ్మడూ,

నువ్వు పంపిన ఫొటోలో పచ్చ లేజర్ వలయం నడుమ ఒకే చీకటి చుక్క ఉండాల్సింది, రెండున్నాయి. కంటికి కనపడని కాంతిని పచ్చగా మార్చే కేటీపీ స్ఫటికం పాడైందని తీసేయకు.

ఎస్‌ఎల్‌ఎం (కాంతి ఫేజ్‌ను, అంటే అల దశను, పిక్సెల్ పిక్సెల్‌కీ మార్చే తెర) మీద వేసే ఫోర్క్ హోలోగ్రామ్, అంటే నడుమ ఫోర్క్‌లా చీలిన గీతల నమూనా, 1064 నానోమీటర్ల కాంతిలో ఒక సుడి పెడుతుంది: నడి చీకటి చుట్టూ ఫేజ్ ఒక పూర్తి చుట్టు (2π) తిరుగుతుంది. స్ఫటికంలో ఆ తరంగం తనతో తానే గుణించుకుని 532 నానోమీటర్ల పచ్చ కాంతి అవుతుంది కాబట్టి ఫేజ్ కూడా రెట్టింపై, పచ్చలో సుడి 2 అవుతుంది, అంటే రెండు చుట్లు. ఈ జంట సుడి చాలా నాజూకు. సుడి లేని కాంతి రవ్వంత కలిసినా రెండు ఒంటి సుళ్లుగా విడిపోతుంది.

మొదట ఎస్‌ఎల్‌ఎం చూడు. ఏ పిక్సెల్ విలువకు ఎంత ఫేజో చెప్పే టేబుల్ ఒకటి ఉంటుంది; 532కి సరిచేసిన దాన్నే 1064కి వాడితే 2π రావాల్సిన చోట సగానికి మించి రాదు. మిగతా కాంతి మలుపు లేకుండా నేరుగా పోతుంది. టేబుల్ మార్చాక కూడా కొంత మిగులుతుంది. అందుకని ఫోర్క్ గీతల ఎడం 10 పిక్సెళ్లు ఉంచు. పిక్సెల్ 8 మైక్రోమీటర్లయితే, 500 మి.మీ. లెన్స్ ఫోకస్ దగ్గర మొదటి ఆర్డర్ (సుడి పడి పక్కకు మళ్లిన కాంతి), మలుపు లేని కాంతి పడే నడి చుక్కకు 6.65 మి.మీ. పక్కన పడుతుంది. ఐరిస్‌తో (చిన్నా పెద్దా చేయగల రంధ్రంతో) అదొక్కటే వదులు. మరీ బిగిస్తే వలయం అంచు తెగుతుంది.

పోలరైజేషన్, అంటే కాంతి అల ఊగే దిక్కు, ఎస్‌ఎల్‌ఎం అక్షం వెంటే ఉండాలి, పక్కకు వాలిన భాగానికి సుడి పడదు. ఒకదానికొకటి అడ్డంగా ఉన్న రెండు పోలరైజేషన్లను కలిపే టైప్-2 కేటీపీకి మాత్రం 45 డిగ్రీలు కావాలి. ఎస్‌ఎల్‌ఎం తర్వాత హాఫ్‌వేవ్ ప్లేట్ (పోలరైజేషన్‌ను తిప్పే పలక) పెట్టి 22.5 డిగ్రీలు తిప్పు, పోలరైజేషన్ దానికి రెట్టింపు తిరుగుతుంది. మన సైదాపురం అభ్రకంలాంటి దాంతోనూ వేవ్‌ప్లేట్లు చేస్తారు గానీ, పొరను బట్టి గుణం మారుతుంది. నీ పనికి క్వార్ట్జ్‌దే కొను.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా చీలిక పోకపోతే స్ఫటికాన్ని కిరణం చుట్టూ 90 డిగ్రీలు తిప్పు. రెండు చుక్కల్ని కలిపే గీత కూడా తిరిగితే తప్పు స్ఫటికంలోనే: అందులో ఒక పోలరైజేషన్ కిరణం మెల్లగా పక్కకు జరుగుతుంది, సుళ్ల నడుములు కలవవు. పొట్టి స్ఫటికం పెట్టి, ఫోకస్ కొంచెం వదులు చెయ్యి. పచ్చ వెలుగు బాగా తగ్గుతుంది, తగ్గనీ. గీత కదలకపోతే మళ్లీ ఎస్‌ఎల్‌ఎం దగ్గరికే వెళ్లు.

సుడి లెక్కకు లెన్స్‌ను వాల్చి ఫోకస్ దగ్గర చూడు. రెండు నల్ల చారలుంటే సుడి 2. పచ్చలో 1 కావాలంటే ఫోర్క్‌ను స్ఫటికం దాటాక, 532 మీదే పెట్టు.

1064 కంటికి కనపడదు. రెండు తరంగదైర్ఘ్యాలకూ సరిపడే కళ్లద్దాలు పెట్టుకో, గాజులూ ఉంగరమూ తీసెయ్యి. స్ఫటికం తర్వాత 1064ని ఆపే ఫిల్టర్ పెట్టాకే కెమెరా తెరువు.

నాన్న