ఫ్యాను కాదు, నా సరుకే తేడా: పెల్లెట్ పొయ్యిల సెగ తగ్గిన సంగతి

అన్నలకు, అక్కలకు నమస్తే.

వానలు మొదలైన కాడి నుంచి మీలో చాలామంది ఒకటే మాట మీద ఫోన్లు చేస్తున్నరు. పెల్లెట్ పొయ్యి (పొట్టును గట్టిగ అదిమి చేసిన గుళికలతోని మండేది) మునుపటి లెక్క మండుతలేదు, పెల్లెట్ సంచులు మాత్రం జల్ది ఖాళీ అయితున్నయ్ అని. నేను కూడా అందరికీ ఒకటే జవాబు చెప్పిన: పొయ్యిలకు గాలి కొట్టే బ్లోయర్ ఫ్యాను బలం తగ్గింది, మార్చాలె. ఏడుగురికి మార్చిన, పైసలు కూడా తీసుకున్న. అండ్ల ఒక్కటే నిజంగ ఫ్యాను లోపం. అది కూడా పిండి దుమ్ము, నూనె పొగ రెక్కలకు అట్టకట్టి ఆగింది. పాత బ్రష్షుతో గీకితే పోయేది.

అసలు సంగతి హన్మకొండల ఒక టిఫిన్ సెంటర్ అక్క దగ్గర బయటపడ్డది. రెండు ఫ్యాన్లు మార్చినా ఇడ్లీ పాత్రకు ఆవిరి పట్టుడు పావుగంట నుంచి అరగంటకు పోయింది. పోయిన వారం పొద్దున ఐదింటికి పిలిపించింది. "ఇప్పుడే చూసిపో తమ్మీ, గిరాకీ మొదలైనంక నీతోని మాట్లాడుడు నాతోని కాదు" అన్నది.

మంట పసుపు పచ్చగ, పొడుగ్గ, కొసకు పొగతోని ఊగుతున్నది. మంచిగ మండే పొయ్యిల మంట పొట్టిగ, జోరుగ, బుస్సుమని చప్పుడు చేస్తది. బగోనె అడుగున గీకితే మసి పెచ్చులు రాలినయ్. ఫ్యాను కాడ చెయ్యి పెడితే గాలి దండిగనే వస్తున్నది. మరి లోపలికి ఎందుకు పోతలేదు?

పొయ్యి చల్లారినంక, లోపల పెల్లెట్లు కాలే కుండీల ఇనుప చువ్వతోని పొడిచిన. ఖంగుమన్నది. బూడిద అట్ల మోగదు. పట్టుకారుతోని గుంజితే అరచెయ్యంత పెచ్చు ఊడొచ్చింది. నల్లగ, గాజు లెక్క మెరుస్తూ, బుడగలు బుడగలుగ. ఊర్లల్ల పాత ఇనుప కొలుముల కాడ దొరికే చిట్టెం రాయి చూసినోళ్లకు నేను చెప్పే పని లేదు, అచ్చం అదే. కుండీ గాలి బొక్కలు సగానికి పైగ దాని కిందనే మూసుకపోయినయ్.

ఆ చిట్టెం నా గోదాం నుంచి వచ్చిందే. ఎండాకాలంల రంపపు పొట్టు పెల్లెట్ల ధర పెరిగితే, నేను వేరే కాడ అగ్గువకు సరుకు దించిన. అండ్ల వరి ఊక, పత్తికట్టె కలిపినరు. ఊక కాలితే బరువుల దాదాపు ఐదో వంతు బూడిదే. 25 కిలోల సంచి నిండ ఊకే ఉందనుకోండి, 5 కిలోల దాకా బూడిద మిగులుతది. శుభ్రమైన రంపపు పొట్టుకైతే అరకిలో కూడ దాటదు. ఊక బూడిద ఎక్కువ భాగం సిలికా, ఇసుకల ఉండేదే. ఒక్కటే ఉంటే అంత తొందరగ కరగదు. పత్తికట్టె బూడిదల ఉండే పొటాషియం తోడైతే తక్కువ వేడికే మెత్తబడి ముద్ద కడతది. సంచిల ఏం కలిపినరో నేను అడగలేదు. కిలోకు రూపాయిన్నర మిగులుతున్నదని సంబురపడ్డ, అంతే.

దానికి తోడు వాన. గోదాం రేకుల సందుల నుంచి జల్లు కొట్టి కింది వరుస సంచులు చెమ్మ పట్టినయ్. పెల్లెట్ల తేమ 10 శాతం లోపే ఉండాలె. కిలో నీళ్లు ఆవిరి చేసుడుకే సుమారు 600 కిలోక్యాలరీలు పోతయ్, అది మీ గంజుకు అందాల్సిన సెగ. మంచి పెల్లెట్ విరిస్తే టక్కున విరుగుతది, చెమ్మ పట్టింది వేళ్ల నడుమనే పొడైతది.

కోపానికి రాకుంటే ఒక మాట. మీలో కొందరు సంచి తీసుకపోయి గిన్నెలు కడిగే కాడనే పెడుతున్నరు. సంచి అడుగున మిగిలిన పొడిని కూడ వదలకుండ పొయ్యిల గుమ్మరిస్తున్నరు. ఆ పొడి గాలికి దారి ఇయ్యదు.

మీ పొయ్యి ఎట్లుందో మీరే చూసుకోవచ్చు. మూతపెట్టి 10 లీటర్ల నీళ్లు మరగబెట్టండి, ఎంత సరుకు కాలిందో తూకం వేయండి. 30 డిగ్రీల నీళ్లు మరిగేదానికి 700 కిలోక్యాలరీలు కావాలె. మంచి పెల్లెట్ కిలోకు 4,000 దాకా ఇస్తది. పొయ్యి అండ్ల మూడో వంతు గిన్నెకు అందించినా అరకిలో కొంచెం దాటి సరిపోవాలె. కిలో పట్టిందంటే నాకు ఫోన్ చేసే ముందు కుండీల చువ్వ పెట్టి చూడండి. పొయ్యి పూర్తిగ చల్లారినంకనే. తీసిన బూడిదను ఇనుప బకెట్లనే పోయండి, లోపల నిప్పు గంటల తరబడి ఉంటది. ఒక మెస్సుల ప్లాస్టిక్ బకెట్ కరిగిపోయింది కూడ.

ఇగ లెక్కలు. ఆ ఏడుగురి ఫ్యాను పైసలు వచ్చే బిల్లుల కోస్తున్న, దుమ్ముతోని ఆగిన ఫ్యాను అన్నకు కూడ. నీలం దారంతోని కుట్టిన సంచులన్నీ ఆ పాడు సరుకే. విప్పినవైనా సరే తిరిగి తీసుకుంటం. మళ్ల పాత రంపపు పొట్టు పెల్లెట్లే తెప్పిస్తున్న, కిలోకు 2 రూపాయలు ఎక్కువైతది. ఆ ధర నాతోని తగ్గదు.

సోమవారం ఆటో సుబేదారి, కాజీపేట దిక్కు వస్తది. మంగళవారం ములుగు రోడ్డు, ఎనుమాముల మార్కెట్ దిక్కు. నీలం దారం సంచులు బయటికి తీసి పెట్టండి, పొద్దున టిఫిన్ గిరాకీ తగ్గినంకనే వస్తం.